పిడికెడు బియ్యం, డోర్నకల్ గుడి

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక మూత డబ్బా ఉండాది. అవ్వ ప్రతి దినమూ వంటకు బియ్యం కొలిచినాక, అందులోనుంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి ప్రార్థన ఇంటికి తీసుకొని పోతుంది. దాన్ని మేము దేవుని బియ్యం అంటాము. చిన్నప్పుడు నేను దాని గురించి ఏమీ ఆలోచించలేదు. అందరి ఇళ్ళల్లోనూ ఇట్లాంటి డబ్బా ఒకటి ఉంటుందని అనుకొనేదాన్ని.

పోయిన సంవత్సరం మా వీధిలో ఒక తగువు వచ్చింది. మా ప్రార్థన ఇల్లు చాలా చిన్నది. రేకుల కప్పు, పగిలిన సిమెంటు నేల, చెద పట్టిన తలుపు. వానాకాలంలో పాట పాడితే రేకుల మీద వాన చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది. దాన్ని బాగు చేయాలని పెద్దలు కొంత డబ్బు కూడబెట్టినారు. కొందరు, ముందర రెండు రాతి స్తంభాలు పెట్టి, మంచి చెక్కడం తలుపు చేయిద్దాము అన్నారు. మా నాయనకు కోపం వచ్చింది.

"పీచు మిల్లులో వారానికి మూడు దినాలే పని. టెంకాయ చెట్లకు తెల్లదోమ పట్టి, వాడు తెగులు పట్టి తోటల్లోనూ కూలి లేదు. పిల్లల ఫీజులు కట్టలేక అల్లాడతా ఉండాము. ఇప్పుడు చెక్కడం తలుపు కావాలా? దేవుడు తలుపు చూసి లోపలికి వస్తాడా?" అని అడిగినాడు.

అవ్వ మెల్లగా చెప్పింది: "మన ఇళ్ళల్లో అందంగా ఉండేది ఏముండాది రా? అందరికీ కలిపి ఒక్క చోటైనా ఉండనీ."

నాకు ఇద్దరి మాటా సరిగానే తోచింది. ఎవరి పక్కన ఉండాలో తెలియలేదు. అప్పుడే మా సోషల్ టీచర్, తెలుగువాళ్ళ చరిత్రలోనుంచి ఒక విషయం తీసుకొని వ్యాసం రాయమన్నారు. పుస్తకాలు తిరగేస్తా ఉంటే డోర్నకల్ అనే ఊరి గుడి గురించి, దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య గురించి తెలిసింది. నాయనా అవ్వా పోట్లాడిన ఆ ప్రశ్నే నూరేళ్ళ కిందట అక్కడ కూడా ఉండింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మనం ఎట్లా వచ్చినాము

మొదట మన సంగతి కొంచెం చెప్పాలి. పొల్లాచ్చి, ఉడుమలై, కోయంబత్తూరు, మదురై వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు నిన్నా మొన్నా వచ్చినవాళ్ళు కారు. విజయనగర రాజుల కాలంలోనూ, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టిన తరువాతా, తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చినారు. సైనికులు, రైతులు, నేతపనివాళ్ళు, తోలుపనివాళ్ళు అందరూ వచ్చినారు. కొందరికి పాళెములు దక్కినాయి. కొందరికి నల్లరేగడి భూములు దక్కినాయి. కొందరికి చేతిపని ఒక్కటే మిగిలింది.

మా ముత్తాతల వాళ్ళది తోలుపని. కోయంబత్తూరు సీమలో వానలు తక్కువ, బావులు లోతు. ఎద్దులను కట్టి కపిలతో నీళ్ళు తోడేవాళ్ళు. ఆ కపిలకు తోలు సంచి కుట్టేది మావాళ్ళే. తోలు చిరిగితే పైరు ఎండిపోతుంది, కాబట్టి రైతుకు మావాళ్ళు లేకపోతే జరగదు. అయినా మావాళ్ళు ఊరి బయటే ఉండాలి. 1932లో నీలగిరిలో పైకారా విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ కరెంటుతో మెల్లగా బావులకు మోటార్లు వచ్చినాయి. కపిలలు పోయినాయి, మావాళ్ళ పనీ పోయింది. ఊరి బయట ఉండడం మాత్రం పోలేదు అని తాత నవ్వుతా చెప్పేవాడు. ఆ నవ్వులో ఏముందో నాకు ఇప్పుడు అర్థమవుతా ఉండాది.

మా ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. ప్రార్థన ఇంట్లో ప్రసంగం తమిళంలో. అవ్వ ఇంటికి వచ్చి, మళ్ళీ తెలుగులో ఒకసారి ప్రార్థన చేసుకుంటుంది. ఎందుకు రెండుసార్లు అని అడిగితే, "అది అందరితో, ఇది నాతో" అంటుంది.

వెళ్ళాళన్‌విళై పిల్లవాడు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే చిన్న ఊళ్ళో పుట్టినారు. తాటిచెట్లు, ఎర్ర ఇసుక ఉండే ప్రదేశం అది. ఆయన నాయన తోమాస్ వేదనాయగం ఆ ఊరి పాస్టర్. మాతృభాష తమిళం. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివినారు. ఆ తరువాత వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగినారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్ళి జరిగింది.

1902లో ఆయన యాళ్పాణం (జాఫ్నా) పోయినారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సముద్రం దాటించి మిషనరీలను పంపుతా ఉండడం చూసినారు. ఆయనకు సిగ్గేసింది. తిరునెల్వేలిలో ఇంతమంది క్రైస్తవులం ఉండాము, నూరేళ్ళుగా బయటివాళ్ళ దగ్గర తీసుకుంటానే ఉండాము, మనం ఎవరికి ఇచ్చినాము అని అనుకొన్నారు. 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడిపేదీ మనమే అనేది వాళ్ళ నియమం. విదేశీ డబ్బు తీసుకోకూడదు అనుకొన్నారు. అప్పటి కాలానికి అది చాలా ధైర్యమైన మాట.

ఎక్కడికి పోవాలి అని వెతికినారు. ఇంకా ఏ మిషనూ పని చేయని చోటు కావాలి. చివరికి వాళ్ళు ఎంచుకొన్నది నైజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం. ఇప్పుడది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లా. తమిళ దేశంలోనుంచి తెలుగు దేశానికి!

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చొన్నాను. మనవాళ్ళు తెలుగు దేశం వదిలి తమిళ దేశానికి వచ్చినారు. ఈయన అదే దారిలో ఎదురు పోయినారు. మనవాళ్ళు బతకడానికి వచ్చినారు. ఆయన తన బతుకు ఇవ్వడానికి పోయినారు.

గుడారంలో కాపురం

సొసైటీ మొదలుపెట్టి, వేరేవాళ్ళను పంపి, తాను ఆఫీసులో కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. 1909లో మంచి ఉద్యోగం వదిలేసి, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో తానే డోర్నకల్‌కు వచ్చేసినారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. డోర్నకల్ అప్పుడు అడవి పక్కన ఉన్న ఒక రైల్వే జంక్షన్. సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు దారి అక్కడే చీలుతుంది. ఉండడానికి ఇల్లు లేదు. మొదట గుడారంలోనే కాపురం పెట్టినారు. ఎద్దుబండి మీద, సైకిల్ మీద, నడిచీ పల్లెలు తిరిగినారు.

ఆయనకు అప్పటికి ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దినారు. తమిళంలో క, ఖ, గ, ఘలకు కలిపి ఒకటే అక్షరం. తెలుగులో నాలుగూ వేరు వేరు. మా క్లాసులో తమిళం, తెలుగు రెండూ చదివే మాకు ఆ కష్టం బాగా తెలుసు. ఒత్తు మరిచిపోతే మా టీచర్ ఎర్ర గీత పెడతారు. 2006లో వచ్చిన చట్టం తరువాత మనలాంటి స్కూళ్ళ పిల్లలు తమిళం పేపరు రాయాలా వద్దా అనే విషయం కోర్టుల దాకా పోయింది. భాష నేర్చుకోవడం మంచిదే. కానీ బలవంతం మీద నేర్చుకోవడం వేరు, ప్రేమతో నేర్చుకోవడం వేరు. అజరయ్యను ఎవరూ బలవంతం చేయలేదు. పేదవాడు తన గోడు చెప్పుకొనేది తన భాషలోనే కదా. వినాలంటే ఆ భాష రావాలి. అందుకు నేర్చుకొన్నారు. తెలుగులో ప్రసంగాలు చేసినారు.

స్నేహితులు కావాలి

1910లో స్కాట్లండ్ దేశంలోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చినారు. వాళ్ళలో ఆసియా వాళ్ళు 20 మంది కూడా లేరు. అజరయ్య ఆ కొద్దిమందిలో ఒకరు. అంతమంది దొరల ముందు లేచి నిలబడి ఆయన ఒక నిజం చెప్పినారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా భారతీయుడి ఇంటి గడప తొక్కని మిషనరీలు ఉన్నారని, వాళ్ళు దయ చూపిస్తారు గానీ సమానంగా చూడరని అన్నారు. మీరు మా దేశం కోసం ఎన్నో త్యాగాలు చేసినారు, దానికి కృతజ్ఞతలు, కానీ మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులు కావాలి అని అడిగినారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ ప్రసంగం మాత్రం ఈనాటికీ ప్రపంచమంతా చెప్పుకుంటారు.

రెండేళ్ళ తరువాత మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి అజరయ్యను బిషప్‌గా చేయించినారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. వయసు 38. ఒక భారతీయుడి కింద తెల్లవాళ్ళు పనిచేయడమా అని కొందరు యూరోపియన్లు ఎదురు చెప్పినారు. మనదేశం వాళ్ళల్లోనూ కొందరు ఒప్పుకోలేదు. ఆయన ఎవరితోనూ వాదానికి దిగకుండా డోర్నకల్ తిరిగివచ్చి, మళ్ళీ ఎద్దుబండి ఎక్కినారు.

వెట్టి చేసేవాళ్ళ సంఘం

డోర్నకల్ చుట్టుపట్ల సంఘంలో చేరినవాళ్ళు ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. అప్పటి నైజాం రాజ్యంలో వెట్టిచాకిరి ఉండేది. దొర పిలిస్తే పోవాలి, కూలి అడగకూడదు. ఊరి బావిలో నీళ్ళు తోడకూడదు. పిల్లలు బడికి పోకూడదు. మాదిగలది తోలుపని. అంటే మా ముత్తాతల వంటివాళ్ళే. చదువుతా ఉంటే మా వీధి మనుషులే కనిపించినారు.

వాళ్ళ గూడేల్లో మట్టిగోడలు, తాటాకు కప్పుతో బడీ గుడీ ఒకటిగా లేచినాయి. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి లాంతరు వెలుగులో పెద్దలు కూడా కూర్చొని నేర్చుకొన్నారు. చదవడం రానివాళ్ళు వాక్యాలు నోటికి పట్టినారు, పాటలుగా పాడుకొన్నారు. అజరయ్య ఇంగ్లీషు రాగాలే కావాలని అనలేదు. భజనలు, ఊరేగింపులు, కోతల పండుగలు, మన వాద్యాలు అన్నీ గుడిలోకి రానిచ్చినారు. కోతల పండుగ దినం వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు అన్నీ తెచ్చి ముందర పెట్టేవాళ్ళు. వెట్టివాళ్ళుగా ఎవరికో మోయడం తప్ప తమ చేత్తో తాము ఇవ్వడం తెలియని మనుషులు, అక్కడ ఇచ్చేవాళ్ళు అయినారు. నాకు ఇది చాలా పెద్ద మార్పుగా తోస్తుంది.

పిడికెడు బియ్యం సంగతి కూడా ఇక్కడే చదివినాను. ఇంటి ఆడవాళ్ళు ప్రతి దినమూ వంటకు తీసిన బియ్యంలోనుంచి ఒక పిడికెడు దాచి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. తిరునెల్వేలి సంఘాల్లో ఉన్న అలవాటు డోర్నకల్ సంఘాల్లోనూ వేరూనింది. పుస్తకంలో ఆ ముక్క కనిపించగానే నేను వంటింట్లోకి పరిగెత్తి అవ్వకు చదివి వినిపించినాను. అవ్వ ఏమీ ఆశ్చర్యపోలేదు. "మరి ఎక్కడైనా అదే కదా పాపా. డబ్బు లేనివాడు ఏమిస్తాడు? ఆకలిలోనుంచి తీసి ఇస్తాడు" అన్నది.

అన్బు మరియమ్మాళ్ గురించి పుస్తకాలు కొంచెమే చెప్తాయి. ఆమె ఆడవాళ్ళకు చదువు చెప్పింది, శుభ్రత నేర్పింది, బిషప్ ఊళ్ళు తిరుగుతా ఉంటే ఇంటినీ హాస్టలు పిల్లలనూ చూసుకొన్నది. హాస్టల్లో పిల్లలు నేల మీద కూర్చొని మామూలు పల్లె తిండే తినేవాళ్ళు, పొలం పని కూడా చేసేవాళ్ళు. చదువుకొన్నవాడు పల్లెను చిన్నచూపు చూడకూడదని అజరయ్య అనుకొన్నారు.

1920ల్లో కృష్ణా ప్రాంతం కూడా డోర్నకల్ అధ్యక్ష మండలంలో కలిసింది. 1930ల నడుమకు పల్లె ఉపాధ్యాయులే రెండు వేలకు పైగా ఉన్నారు. ఆయన చివరి రోజులకు సంఘస్థుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

అన్నీ మంచే జరిగినాయి అని రాస్తే అది చరిత్ర కాదు. గుడిలో చేరినంత మాత్రాన కులం పోలేదు. మాలలు, మాదిగలు ఒకే వరుసలో కూర్చోడానికి కూడా తగువులు వచ్చినాయి. ఇది బిషప్‌ను చాలా బాధ పెట్టింది. మతమార్పిడి విషయంలో 1930ల్లో గాంధీజీకీ అజరయ్యకూ అభిప్రాయభేదం వచ్చింది. ఇద్దరూ అంటరానితనం తప్పు అన్నవాళ్ళే. కానీ దారులు వేరు. అదే సమయంలో, క్రైస్తవులకు వేరుగా నియోజకవర్గాలు వద్దు, అందరితో కలిసే ఉండాలి అని అజరయ్య గట్టిగా చెప్పినారు. ఇట్లా ఆయన ఎవరి లెక్కలోనూ పూర్తిగా ఇమడలేదు.

గుడి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత పేదల మధ్య అజరయ్య ఒక పెద్ద, అందమైన గుడి కట్టాలనుకొన్నారు. దానికి ఎపిఫనీ కెథడ్రల్ అని పేరు. ఎపిఫనీ అంటే ప్రత్యక్షత. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి, కానుకలు పట్టుకొని, పసిబిడ్డను వెతుక్కుంటా పోయిన కథను గుర్తుచేసుకొనే పండుగ అది. ఆ పండుగ పేరును ఈ గుడికి పెట్టినారు. ఆ పేరు ఎంతో బాగా కుదిరింది అనిపిస్తుంది.

కట్టడం సులభంగా జరగలేదు. డబ్బు ఉన్నప్పుడు పని సాగింది, లేనప్పుడు ఆగిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, తరువాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. పల్లె సంఘాల కానుకలు కొంత, దూరాన ఉన్న మిత్రుల సాయం కొంత చేరుతా ఏళ్ళ తరబడి పని నడిచింది. సగం లేచిన గోడల పక్కనుంచే బిషప్ ప్రతి దినమూ నడిచేవారు. చివరికి 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ పండుగ దినాన గుడి ప్రతిష్ఠ జరిగింది.

నేను ఆ గుడిని చూడలేదు, ఫోటోలు మాత్రమే చూసినాను. అది ఇంగ్లండులో ఉండే గుడి మాదిరి లేదు. ఎత్తయిన సూది గోపురం లేదు. పైన మసీదుకు ఉన్నట్లు గుమ్మటాలు. లోపల మన దక్షిణ దేశపు దేవాలయం మండపంలో ఉన్నట్లు రాతి స్తంభాలు, వాటిలో తామర పూలు. వీటన్నిటి మధ్య సిలువ. హిందువుల రీతి, ముస్లింల రీతి, క్రైస్తవుల రీతి మూడూ కలిసినాయి. నైజాం రాజ్యంలో ఈ మూడు మతాలవాళ్ళూ పక్కపక్కనే బతికినారు కదా, గుడి కూడా అట్లాగే ఉండాది. క్రైస్తవుడు అయితే మన దేశపు అందాన్ని వదిలేయాలా అని అడిగేవాళ్ళకు ఆయన రాతితో జవాబు చెప్పినారు.

ఇంకొక మాట. ఆ కాలంలో మాలమాదిగలకు ఊరి దేవాలయంలోకి ప్రవేశం లేదు. మండపం, చెక్కిన స్తంభం, తామర పువ్వు ఇవన్నీ వాళ్ళు దూరంనుంచి చూసినవే. ఆ రాళ్ళు మోసినవాళ్ళు వాళ్ళే అయి ఉన్నా, లోపల నిలబడే హక్కు లేదు. డోర్నకల్‌లో అదే మాదిరి స్తంభం పక్కన వాళ్ళు నిలబడినారు, చేత్తో తాకినారు. ఇది మన గుడి అన్నారు. దీన్ని దుబారా అని నేను ఎట్లా అనగలను?

అజరయ్య ఆ గుడిని ఎక్కువ కాలం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసినారు. ఆ గుడి పక్కనే ఆయన సమాధి. వేరు వేరు సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశంనుంచి ఆయన పాటుపడినారు. ఆ దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. దాన్నీ ఆయన చూడలేదు.

నాయన ప్రశ్నకు జవాబు

దేవుడు తలుపు చూసి లోపలికి వస్తాడా అని నాయన అడిగినాడు. రాడు. డోర్నకల్ చరిత్ర చదివినాక నాకు అది ఇంకా గట్టిగా తెలిసింది. గుడి కట్టకముందే, గుడారంలో, తాటాకు బడిలో, లాంతరు వెలుగులో జనం దేవుడు మాతో ఉన్నాడు అని నమ్మినారు. ముప్పై ఏళ్ళు అట్లా గడిచినాకే గుడి పూర్తయింది. మొదట బడులు, ఉపాధ్యాయులు, హాస్టలు. ఆ తరువాత స్తంభాలు. ఆ వరుస ముఖ్యం. పిల్లల ఫీజు కట్టకుండా తలుపు చెక్కించడం తప్పే. నాయన చెప్పినది సరి.

కానీ అవ్వ చెప్పినదీ సరే. పేదవాడికి అన్నం ఒక్కటి చాలు, అందం ఎందుకు అని ఎవరైనా అంటే, అది కూడా ఒక విధంగా ఊరి బయట పెట్టడమే. మావాళ్ళు కపిల తోలు కుట్టినప్పుడు కూడా కుట్లు వరుసగా, అందంగా ఉండేవని తాత చెప్పేవాడు. వంకర కుట్టు అయినా నీళ్ళు వస్తాయి. అయినా చక్కగా కుట్టేవాళ్ళు. ఎవరూ మెచ్చుకోరని తెలిసి కూడా. కష్టంలో ఉన్న మనిషికి చక్కగా చేయాలనే ఆశ ఎక్కడనుంచి వస్తుంది? అవ్వను అడిగితే, "అదే దేవుడు పాపా" అంటుంది. నేను ఇంకా ఆలోచిస్తా ఉండాను. వేరే మతంవాళ్ళు దానికి వేరే పేరు పెట్టవచ్చు. మా క్లాసులో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ అవ్వల ఇళ్ళ ముందర ముగ్గులు చూసినా నాకు ఇదే గుర్తు వస్తుంది. ఇంట్లో ఏమీ లేని దినం కూడా గడప ముందు ముగ్గు పడుతుంది కదా.

ఈ వ్యాసం మొదటిసారి రాసినప్పుడు ఇంట్లో అందరికీ చదివి వినిపించినాను. నాయన ఏమీ అనలేదు. డోర్నకల్ ఫోటో మాత్రం చాలాసేపు చూసినాడు. తరువాతి ఆదివారం పెద్దల కూటంలో ఆయనే లేచి మాట్లాడినాడు. కూడబెట్టిన డబ్బులోనుంచి మొదట ముగ్గురు పిల్లల ఫీజు కట్టినారు. రాతి స్తంభాలు వద్దనుకొన్నారు. నేల బాగు చేసినారు. తలుపు మాత్రం చేయించినారు. మా వీధిలోనే ఉండే వడ్రంగి మామ కూలి తీసుకోకుండా చేసినాడు. తామర చెక్కాలా అని అడిగితే, అవ్వ వద్దు అన్నది. "మనకు బువ్వ పెట్టేది టెంకాయ చెట్టు. దాని పూత చెక్కు నాయనా" అన్నది. ఇప్పుడు మా ప్రార్థన ఇంటి తలుపు మీద ఒక టెంకాయ పూగుత్తి ఉండాది. కొంచెం వంకరగానే ఉండాది. కింద తమిళంలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస, "అందరూ రండి" అని రాసినారు. తెలుగు వరుస రాసింది నేనే. ఒత్తులు సరిచూసింది మా తెలుగు టీచర్.

అజరయ్య ఎడిన్‌బరోలో స్నేహితులు కావాలి అని అడిగినారు. మనమూ అడుగుతా ఉండేది అదే అనుకుంటాను. భాష తక్కువమందిది అని, కులం తక్కువది అని, మతం వేరు అని చూడకుండా ఒకరి గడప ఒకరు తొక్కితే చాలు. ఒకప్పుడు ఒక తమిళాయన తెలుగు నేర్చుకొని మన భాషవాళ్ళ గూడేలకు పోయినారు. ఆ కథ మన ఊళ్ళో తెలుగువాళ్ళకూ తెలియాలి, తమిళంవాళ్ళకూ తెలియాలి. పరీక్షలు అయినాక దీన్ని తమిళంలో కూడా రాయాలని ఉండాది.

పొయ్యి పక్కన డబ్బా అట్లాగే ఉండాది. ఈ మధ్య అవ్వకు చేతులు వణుకుతా ఉండాయి, బియ్యం కింద ఒలుకుతాయి. అందుకని ఆ పిడికెడు ఇప్పుడు నేనే తీస్తున్నాను.